బంకు పక్కన పొయ్యి

పెట్రోలు బంకు కావాలా అని మా ఇటామెరిన్ పేటలో ఎవరినడిగినా కావాలనే అంటారు. ఎక్కడ కావాలి అని అడిగితే మాత్రం వేలు పక్కవాడి పెరటివైపే చూపిస్తారు. ఈ కూడలిలో బట్టలు కుట్టీ కుట్టీ నా జుట్టు నెరిసింది. కొలతలు తీసుకునేటప్పుడు మనుషులు కడుపులో ఉన్నదంతా చెప్పేస్తారు. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ ఒక్క విషయంలో మా పేటంతా ఒకటే మాట. బంకు దగ్గరగా ఉండాలి, మనకి మాత్రం కాస్త ఎడంగా ఉండాలి.

కూడలి మూల పాత రంపపు మిల్లు మూతపడింది. ఆ స్థలం ఒటుంబా ఫాజూయి కొన్నాడని, అక్కడ బంకు పెడతాడని కబురు తెలిసింది. ఒటుంబా అంటే రాజుగారి దగ్గర బిరుదు తెచ్చుకున్నవాడు, మూడూళ్ళలో బంకులున్నవాడు. కబురు వినగానే ముందు చిందులు తొక్కింది బాబా అలాదే. ఆయన ఇంటి యజమానుల సంఘానికి అధ్యక్షుడు. డెబ్భై దాటాయి. చేతిలో కర్ర ఉంటుంది గానీ అది నడవడానికి కాదు, మాట్లాడేటప్పుడు ఊపడానికి. ఆయన ఇల్లు మిల్లు స్థలానికి ఒక పక్క. రెండో పక్క ఇయా రెమీ ఇల్లు. రెమీ తల్లి కాబట్టి ఇయా రెమీ. ఆవిడ అసలు పేరు చాలామందికి తెలియదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఇయా రెమీ తన గుమ్మం ముందు, సరిగ్గా కూడలి మొహాన, అకారా వేసేది, అంటే అలసంద వడలు. అలసందలు రాత్రే నానబెట్టి, పొట్టు కడిగి, ఉల్లిపాయా మిరపకాయా వేసి రుబ్బి, తెల్లవారేసరికి పెద్ద మూకుడులో నూనె కాచేది. మిల్లు నడిచిన రోజుల్లో చెక్కపేళ్ళు ఊరికే దొరికేవి. ఆ పొగకి ఆవిడ ఇంటి గోడ గుమ్మం పక్కనంతా నల్లబడిపోయింది. బడికెళ్ళే పిల్లలు, మసీదు నుంచి వచ్చేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, అందరూ ఆ పొయ్యి చుట్టూ మూగేవాళ్ళు. అకారా చల్లారితే అమ్మేది కాదు. "చల్లారింది మేకలకి పెడతా, మనుషులకి పెట్టను" అనేది. నిజంగానే మేకలకి పెట్టేది. మా పేట మేకలు వేరే పేట మేకలకంటే నున్నగా ఉండేవి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. డెబ్భై దాటిన మనిషి పోతే మా వాళ్ళు ఆ ఇంటి గుమ్మం ముందు పొయ్యి పెట్టి అకారా వేస్తారు, వేడివేడిగా వీధంతా పంచుతారు. నిండు బతుకు బతికారు, మీరూ అలాగే బతకండి అని. అందుకే మా పేటలో ఎవరైనా చేతిలో ఊరికే అకారా పెడితే ముందు తినరు, "ఎవరు?" అని అడుగుతారు. పేరు విన్నాకే తింటారు. ఆ అకారా వేసేది ఎప్పుడూ ఇయా రెమీయే. బాబా అలాదే తల్లికి వేసింది, మా అత్తగారికి వేసింది, పాత ఇమాముకీ వేసింది. ఒక్కరి దగ్గరా కూలి తీసుకోలేదు. "చావు అకారాకి ధర కడితే ఆ చేతులు పడిపోవూ" అనేది.

బంకు గురించి మీటింగు బడి వరండాలో పెట్టారు. వచ్చినవాళ్ళకి పెట్టడానికి అకారా ఇయా రెమీకే చెప్పారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒటుంబా తెల్లటి అగ్బాదా, ఆ పెద్ద వదులు అంగీ, భుజాల మీదికి ఎగదోసుకుంటూ వచ్చి కూర్చున్నాడు. బాబా అలాదే కర్ర ఊపడం మొదలుపెట్టాడు.

"బంకు రావద్దని ఎవరంటున్నారు? రానీ. నా పడకగది గోడ పక్కకే ఎందుకు రావాలంటున్నాను. ట్యాంకరు అంటుకుంటే ముందు కాలేది నేనే కదా!"

మోటారుసైకిలు మీద జనాన్ని తిప్పే సూలే లేచాడు. "బాబా, పెట్రోలు కోసం ఊరవతలికి పోతుంటే సగం పెట్రోలు పోయి రావడానికే అయిపోతోంది. మీరు గోడ గురించి ఏడుస్తున్నారు, నేను పొట్ట గురించి ఏడుస్తున్నాను."

"అంత ముద్దైతే మీ ఇంటి పక్కన పెట్టించుకోరా!"

"మా ఇంటి పక్కన ఖాళీ లేదు బాబా. ఉంటే ఈపాటికి నేనే అమ్ముకుందును."

అందరూ నవ్వారు. ఒటుంబా కూడా నవ్వాడు. నవ్వు తగ్గేదాకా ఆగి మెల్లగా మొదలుపెట్టాడు. బంకు బోరు నుంచి పేటకి ఒక కుళాయి బయటికి వేయిస్తాడట. రాత్రంతా దీపాలు వెలుగుతాయి కాబట్టి దొంగల భయం ఉండదట. చివర్న అసలు మాట వదిలాడు. "పెట్రోలు కొరత వచ్చిందనుకోండి. ముందు ఇటామెరిన్ వాళ్ళ క్యాన్లు నిండుతాయి. ఆ తర్వాతే బయటివాళ్ళ బళ్ళు."

బాబా అలాదే కర్ర అక్కడితో ఆగిపోయింది. ఆయనింట్లో చిన్న జనరేటరు ఉంది. ఆ రకం జనరేటరుకి మా దేశంలో 'పక్కింటోడి కంటే నేనే నయం' అని పేరు. కరెంటు పోయినప్పుడు పేటంతా చీకట్లో ఉంటే ఆయన వరండాలో మాత్రం ఫ్యాను తిరిగేది. కొరత వస్తే అదీ ఆగేది. ఇక ఆగదన్నమాట. ఆయన గడ్డం గోక్కుని, "అభివృద్ధికి మనం అడ్డం పడకూడదు" అన్నాడు.

అప్పుడు ఇయా రెమీ లేచింది. చేతికి పిండి అలాగే ఉంది.

"ఒటుంబా, ఒక్క మాట నాయనా. నాకు బండి లేదు, జనరేటరూ లేదు. నాకున్నదల్లా ఒక పొయ్యి. నీ పెట్రోలు పక్కన నా నిప్పుని ఉండనిస్తారా?"

ఒటుంబా గబుక్కున లేచి, వంగి, నేలకి చెయ్యి ఆనించి దణ్ణం పెట్టాడు. "అమ్మా! మీ అకారా తిని బడికెళ్ళినవాణ్ణి. మీ పొయ్యి కదిలించేవాడు ఎవడమ్మా?"

చప్పట్లు మోగాయి. వక్కల్లాంటి కోలా కాయలు విరిచి పంచారు. చేతికొచ్చిన ముక్క తింటే మాట ఖాయమైనట్టు. అందరూ తిన్నారు. నేనూ తిన్నాను. ఇయా రెమీ మాత్రం తన ముక్కని నడుముకి చుట్టుకున్న పైగుడ్డ కొంగుకి ముడేసుకుంది.

"తినలేదేం ఇయా?" అన్నాను.

"పళ్ళు లేవే తల్లీ" అంది. ఆవిడకి పళ్ళన్నీ ఉన్నాయి. చెరుకు కొరికి తినేది.

బంకు కట్టారు. ఆకుపచ్చ పైకప్పు, పసుప్పచ్చ స్తంభాలు, రాత్రిళ్ళు పట్టపగల్లా దీపాలు. కుళాయీ వచ్చింది, అబద్ధమెందుకు. పిల్లలు ఆ దీపాల కింద కూర్చుని చదువుకున్నారు. బాబా అలాదే వచ్చినవాళ్ళకల్లా బంకుని తనే కట్టించినట్టు చూపించాడు.

అమ్మకం మొదలవక ముందు తనిఖీకి ఒకాయన వచ్చాడు. నేల కింద ట్యాంకులు చూశాడు, గొట్టాలు చూశాడు, గోడ దాటి వచ్చి ఇయా రెమీ పొయ్యి చూశాడు. మూకుడులో నూనె సలసల కాగుతోంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. పొయ్యి ఇక్కడ ఉంటే బంకు తెరవడానికి వీల్లేదన్నాడు. ఆయన తప్పేం లేదు. పెట్రోలు ఆవిరి పక్కన మంట ఉండకూడదని ఎవరికి తెలీదు? మాకూ తెలుసు. మీటింగులో ఆవిడ అడిగిందీ అదే.

మర్నాడు బంకు మేనేజరు జిదే చేతులు నలుపుకుంటూ వచ్చాడు. చిన్నవాడు, మంచివాడే. "అమ్మా, కోప్పడకండి. కట్టెలు కాదు, గ్యాసైనా కుదరదు. అసలు మంటే కూడదు. వేరేచోట వేసుకుని తెచ్చి ఇక్కడ అమ్ముకోండి. బల్ల నేనే ఇస్తాను."

"చల్లటి అకారానా?" అంది ఇయా రెమీ. "బంకుకి మేకలు కూడా వస్తాయా నాయనా?"

ఆవిడ తిన్నగా బాబా అలాదే ఇంటికి వెళ్ళింది. నేనూ కత్తెర చేతిలో పట్టుకునే వెనకాల వెళ్ళాను.

"బాబా, పొయ్యి కదలదని అందరి ముందూ అన్నాడు కదా."

"అన్నాడు, కాదనను. రూలు సంగతి ఆయనకేం తెలుసు పాపం? నువ్వూ కోలా కాయ తీసుకున్నావుగా ఇయా."

"తీసుకున్నాను. తినలేదు." కొంగు విప్పి చూపించింది. ముక్క ఎండి ముడుచుకుపోయింది.

"చేతిలోకి తీసుకుంటే తిన్నట్టే."

"చేతిలోకి తీసుకోవడం మర్యాద బాబా. తినడమే ఒప్పుకోవడం. మీ అమ్మ మీకు చెప్పలేదా?"

అయినా బంకు ఆగలేదు. పొయ్యి రాళ్ళు సూలే తన బండి మీద పశువుల కబేళా వెనక ఖాళీ స్థలానికి చేరవేశాడు. కూలి తీసుకోలేదు, అదొక్కటీ చెప్పుకోవాలి.

కబేళా మా కూడలికి దూరం. అక్కడ ఈగలు, నెత్తురు వాసన. రోజూ తెల్లారకముందే రుబ్బిన పిండి నెత్తిన పెట్టుకుని ఇయా రెమీ అంత దూరం నడిచేది. మొదట్లో మా పేటవాళ్ళు వెళ్ళారు. "పాపం ముసలావిడ" అనుకుంటూ వెళ్ళారు. తర్వాత ఆదివారాలు వెళ్ళారు. తర్వాత వానలొచ్చాయి. బంకు ముందు ఒకమ్మాయి అద్దాల పెట్టెలో బ్రెడ్డు పెట్టుకుని అమ్మడం మొదలుపెట్టింది. బ్రెడ్డుకి నిప్పక్కర్లేదు. పేట పొద్దున్నపూట బ్రెడ్డుకి అలవాటు పడిపోయింది. అంత తొందరగా అలవాటు పడుతుందని నేననుకోలేదు.

ఇయా రెమీ మనిషి కాదు, నీడ అయిపోయింది. మధ్యాహ్నాలు వచ్చి నా దుకాణంలో కూర్చునేది. ముందు గంటలకొద్దీ మాట్లాడే మనిషి, ఇప్పుడు నా మిషను చప్పుడు వింటూ కూర్చునేది. బంకువాళ్ళు ప్రహరీతో పాటు ఆవిడ గోడకి కూడా తెల్లసున్నం వేయించారు. మేలు చేశామనే అనుకున్నారు. ఆ నల్లటి పొగమరక కనపడకుండా పోయింది. ఆ రోజు మాత్రం ఏడ్చింది.

"మోరిన్" అంది కళ్ళు తుడుచుకుని, "బతికుండగా కబేళా దగ్గర వేసుకుంటా, సరే. నేను పోయిన రోజున మాత్రం నా అకారా నా గుమ్మం ముందే వెయ్యండే. నా మూకుడులో. వేడివేడిగా. అందరికీ వేశాను కదే."

"అవేం మాటలు ఇయా."

"మాటివ్వు."

మాటిచ్చాను. ఎందుకివ్వను? ఒక్క పూట, ఒక్క పొయ్యి. దానికి అడ్డం చెప్పే దుర్మార్గుడు మా పేటలో ఎవడున్నాడనుకున్నాను.

కొరత వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే గానీ ఈసారి వదల్లేదు. బంకులన్నీ తాళాలు వేసుకున్నాయి. సూలే బండి గోడకి చేరగిలబడింది. పిండిమిల్లులు ఆడలేదు, బంకు వచ్చాక మేమంతా కొనుక్కున్న చిన్న జనరేటర్లు ఆగిపోయి రాత్రిళ్ళు ఫ్యాన్లు లేవు. నా దగ్గర ఒక పెళ్ళివారి బట్టలన్నీ కత్తిరించి పడున్నాయి, కరెంటు మిషనుకి ప్రాణం లేదు. అలాంటప్పుడు మా బంకుకి ట్యాంకరు వస్తోందని కబురొచ్చింది. ఒటుంబా మాట తప్పలేదు. ఇటామెరిన్ వాళ్ళ క్యాన్లే ముందు వరసలో. పసుపు, నీలం, తెలుపు క్యాన్లు బంకు గేటు నుంచి మసీదు దాకా పాములా పడుకున్నాయి. వాటి వెనకాల బయటూళ్ళ కార్లు. మనుషులు క్యాన్ల పక్కనే చాపలు పరుచుకున్నారు. నా పసుప్పచ్చ క్యాను కూడా ముందు భాగంలోనే ఉంది.

ట్యాంకరు వచ్చి పెట్రోలు పొయ్యడం మొదలైన రెండో రోజు తెల్లవారుజామున ఇయా రెమీ పోయింది. నిద్రలోనే పోయింది. గదిలో మంచం పక్కన బకెట్టు నిండా అలసందలు నానుతున్నాయి. ఆ పొద్దుటి అకారా కోసం రాత్రి తనే నానబెట్టుకుంది.

రెమీ ఇబాదాన్ పట్నం నుంచి ఎవరి కారులోనో ఇరుక్కుని వచ్చింది. తల్లి పక్కన కాసేపు కూర్చుంది. తర్వాత బకెట్టు చూసింది. పైగుడ్డ బిగించి కట్టుకుని, ఏడుస్తూనే పప్పు పొట్టు కడగడం మొదలుపెట్టింది. అక్కడున్నవాళ్ళం కూర్చుని కడిగాం, రుబ్బాం. ఇయా రెమీ వాళ్ళు ముస్లిములు, పోయినవాళ్ళని ఆ రోజే పూడ్చాలి. మధ్యాహ్నం నమాజు అయ్యాక పూడుస్తామని ఇమాము చెప్పి పంపాడు. ఆలోపల అకారా పంచాలి.

నేను జిదే దగ్గరికి వెళ్ళాను. "నాయనా, ఒక్క రెండు గంటలు పంపులు ఆపు. గుమ్మం ముందు పొయ్యి వెలిగించుకుంటాం. ఆర్పేశాక మళ్ళీ అమ్ముకోండి."

జిదే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చేత్తో వాడూ తిన్నాడు. వెంటనే ఒటుంబాకి ఫోను చేసి నా చేతికిచ్చాడు.

"అయ్యో అయ్యో, అమ్మ పోయిందా!" అన్నాడు ఒటుంబా. నిజంగానే బాధపడ్డాడు. "నాకేం అభ్యంతరం లేదు సిస్టర్. కానీ రెండు రోజుల్నించీ నిలబడ్డ జనం. వాళ్ళని కాదని పంపులు ఆపితే బంకు పీకి పందిరేస్తారు. వాళ్ళు సరేనంటే రెండు గంటలు కాదు, పూటంతా ఆపిస్తాను."

బయటికొచ్చాక గాలి పీల్చుకున్నాను. జనం ఎవరు? మా వాళ్ళే కదా. ఆవిడ మూకుడు చుట్టూ పెరిగినవాళ్ళే కదా.

వరస మొదట్లో నిలబడి గొంతెత్తి చెప్పాను. ఇయా రెమీ పోయిందన్నాను. టోపీలు తీశారు. ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఎంత మంచి చెయ్యి!" అన్నారు. "ఆ చేతి రుచి ఇంకెక్కడ వస్తుంది" అన్నారు. రెండు గంటలు అమ్మకం ఆపాలన్నాను. అంతే, ఎవరి క్యాను వాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు.

"ఆపితే మళ్ళీ మొదలుపెడతారని గ్యారంటీ ఏంటక్కా?" అన్నాడు సూలే. వాడి మొహం కూడా చూడలేకపోయాను. "ట్యాంకులో ఎంత మిగిలిందో ఎవడికి తెలుసు? పిల్లలు పస్తులున్నారక్కా. ఆవిడే బతికుంటే పొయ్యి వద్దు, ముందు పిల్లలకి తిండి పెట్టుకోరా అనేది."

"ఆవిడ ఏమనేదో నాకు చెప్పకురా సూలే. నేను విన్నాను ఆవిడ ఏమందో."

వెనకాల కారువాడు ఒకడు హారను కొట్టాడు. వాడికి ఇయా రెమీ ఎవరో తెలీదు, వాడినేమీ అనను.

బాబా అలాదే చాప మీంచి లేచి వచ్చాడు. కర్ర ఊపలేదు ఈసారి. "మోరిన్, ఒక ఉపాయం చెబుతా విను. అకారాయే అవ్వాలని ఏముంది? కాలం మారింది. బ్రెడ్డు పంచుదాం. నేనూ డబ్బులేస్తా. బ్రెడ్డుకి నిప్పు అక్కర్లేదు, ఎవరికీ ఇబ్బంది లేదు. పంచడం ముఖ్యం గానీ ఏం పంచామని కాదు కదా."

"మీ అమ్మ పోయినప్పుడు ఆవిడ రాత్రంతా రుబ్బింది బాబా. అప్పుడు బ్రెడ్డు గుర్తు రాలేదేం?"

"అప్పుడు బంకు లేదు" అన్నాడాయన.

ఎవరో ఆడగొంతు, ఎవరిదో నాకు తెలుసు, వెనక నుంచి అంది: "అంత బాధపడేది నీ పసుప్పచ్చ క్యాను వరసలో ఎందుకుందో చెప్పమ్మా టైలరమ్మా. ముందు నీది తియ్యి!"

కొందరు నవ్వారు. నాకు మండిపోయింది. వెళ్ళి నా క్యాను హ్యాండిలు పట్టుకుని వరసలోంచి బయటికి లాగాను. "ఇదిగో, తీశాను! ఇంకెవరు తీస్తారు? ఆవిడ అకారా తిననివాళ్ళు ఒక్కరుంటే చేతులెత్తండి. తిన్నవాళ్ళు క్యాన్లు తియ్యండి!"

ఎవరూ కదల్లేదు. తలలు వంచుకున్నారు, ఏడ్చినవాళ్ళు కూడా ఉన్నారు. కానీ కదల్లేదు. నేను రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూసేసరికి నా క్యాను ఉన్న ఖాళీ లేదు. వెనకున్న క్యాన్లన్నీ తలో అడుగు ముందుకి జరిగాయి.

ఆ ఖాళీ పూడిపోవడం చూశాక ఇక అడగలేదు. వచ్చి రెమీ ఎదురుగా గుమ్మంలో నిలబడ్డాను. ఆ పిల్ల నా మొహం చూసి అర్థం చేసుకుంది. తల్లి మూకుడు నెత్తి మీద బోర్లించుకుంది. నేను పిండి తపేలా ఎత్తుకున్నాను. ఇద్దరం కబేళా దారి పట్టాం.

ఆ రాళ్ళ మధ్యే పొయ్యి వెలిగించాం. రెమీ చెయ్యి తల్లి చెయ్యే. గరిటెతో పిండి జార్చి, పొంగాక తిప్పి, ఎర్రగా తీసింది. ఎవరూ లేరు తినడానికి. ఈగలు, కాకులు, మేమిద్దరం. పెద్ద బేసిన్లలో ఆకులు పరిచి, అకారా పోసి, గుడ్డలు కప్పి మూటలు కట్టాం. ఎంత కప్పినా దారి దూరం. కూడలికి వచ్చేసరికి చెయ్యి పెట్టి చూశాను. చల్లారిపోయాయి.

"ఆంటీ" అంది రెమీ, "ఇంతా చేసి అమ్మ మేకలకి పెట్టేవి తెచ్చాం."

మాటిచ్చింది నేను. గుమ్మం ముందు కాదు, వేడిగా కాదు. మూకుడొక్కటే ఆవిడది.

వరస దగ్గరికే వెళ్ళి పంచాం. వేరే దారేముంది, పేటంతా ఆ వరసలోనే ఉంది. ఒక్కో చేతిలో రెండేసి పెట్టుకుంటూ వెళ్ళాం. మా వాళ్ళెవరూ "ఎవరు?" అని అడగలేదు. వెనకాల కార్లవాళ్ళు అడిగారు. పేరు చెబితే, "దేవుడు చల్లగా చూడాలి. ఏం చేసేదావిడ?" అన్నారు. ఇక్కడే అకారా వేసేదని చెప్పాను. "ఇక్కడంటే ఎక్కడ?" అని చుట్టూ చూశారు. తెల్లసున్నం వేసిన గోడ చూపించాను. అక్కడ ఏ గుర్తూ లేదు.

సూలే తన వాటా తీసుకుని, క్యాను పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, తినలేక ఏడ్చాడు. వాడి మీద కోపం నాకు పోలేదు. జాలీ పోలేదు.

బాబా అలాదే దగ్గరికొచ్చాను. ఆయన గేటుకి దగ్గరగా ఉన్నాడు, ఇంకో నలుగురైతే ఆయన వంతే. రెండు చేతులూ చాపి తీసుకున్నాడు. ఒకటి తుంచి నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు.

"చల్లారిపోయింది" అన్నాడు.

"అవును బాబా."

"ఆవిడ చల్లారినవి మనుషులకి పెట్టేది కాదు."

"పెట్టేది కాదు."

ఆయన ఇయా రెమీ గుమ్మం వైపు చూశాడు. అక్కడ పాడె సిద్ధం చేస్తున్నారు. తర్వాత బంకుకి అవతలి పక్కనున్న తన ఇంటి వైపు చూశాడు. ఆకుపచ్చ పైకప్పు నీడ ఆయన వరండా మీద పడుతోంది.

"మోరిన్" అన్నాడు. "నాది కూడా బంకు పక్కనే కదా."

"మీదీ పక్కనే."

"మరి నేను పోతే నాకెక్కడ వేస్తారే?"

పొద్దుట్నించీ ఆయన్ని అనాలని ఎన్నో మాటలు నోట్లో నూరుకున్నాను. ఆ మొహం చూశాక ఒక్కటీ రాలేదు. మెల్లగానే చెప్పాను.

"మీకు బ్రెడ్డు పంచుతాం బాబా. మీరన్నదేగా."

ముందున్నవాళ్ళు జరిగారు. వెనక నుంచి ఎవరో, "బాబా, జరగండి, జరగండి!" అని అరిచారు. ఆయన మిగిలిన అకారాని జేబులో పెట్టుకుని, రెండు చేతులతో క్యాను ఎత్తి, ఒకడుగు ముందుకి వేశాడు.